భాస్వరం లెక్క: డయాలిసిస్ నుంచి అమ్మ కిడ్నీ దాకా

కిడ్నీ మార్పిడి జరిగిన పదకొండో రోజు నా చేతికి వచ్చిన రక్తపరీక్ష కాగితంలో, కిడ్నీ బయటికి పంపవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ 1.2 అని ఉంది. ఏడాదిన్నర పాటు ఎనిమిదికీ పదికీ మధ్య చూసిన ఆ అంకె అంతగా దిగినందుకు అమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. నా చూపు మాత్రం దాని కింద నాలుగో వరుస దగ్గర ఆగిపోయింది. అక్కడ ఫాస్ఫరస్ 1.7 అని ఉండి, పక్కనే కిందికి చూపే బాణం గుర్తు ఉంది. పెద్దవాళ్ల రక్తంలో డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల దాకా ఉండవలసిన భాస్వరం అది. డయాలిసిస్ చేయించుకున్నన్నాళ్లూ ఆ వరుసలో పైకి చూపే బాణమే తప్ప మరొకటి నేనెరుగను, ఒకసారి 7.8 కూడా వచ్చింది. పాలు మానేసి, పప్పు తగ్గించి, ముద్ద ముద్దకూ లెక్క చూసుకుని భాస్వరాన్ని దించడానికి అంత పాటుపడ్డాక, కొత్త కిడ్నీ వచ్చి రెండు వారాలైనా కాకముందే అదే భాస్వరం చాలకుండా పోవడం ఎలాగో నాకు అంతుపట్టలేదు. అది అర్థం కావడానికి నెలలు పట్టింది. మా డాక్టరమ్మ ఓపికగా చెప్పినదాన్నీ, నా ఒంటి మీద నేను చూసినదాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో మలక్‌పేట. ఒక సహకార పరపతి సంఘంలో పద్దులు రాసే ఉద్యోగం నాది. 2016లో, ముప్పై మూడేళ్ల వయసులో, కాళ్ల వాపుతో ఆసుపత్రికి వెళితే మూత్రంలో ప్రొటీన్ పోతున్నదని తేలింది. బయాప్సీలో ఐజీఏ నెఫ్రోపతీ అని, ఒంటి రక్షణ వ్యవస్థే కిడ్నీ వడపోతను పాడుచేసే జబ్బని వచ్చింది. ఐదేళ్లు మందులతో నెట్టుకొచ్చాక, 2021 ఆగస్టులో డయాలిసిస్ మొదలైంది. 2023 ఫిబ్రవరిలో అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది.

నేను పద్దులు రాసే మనిషినని తెలిసి డాక్టరమ్మ మొదటినుంచీ నాకు విషయమంతా జమాఖర్చుల రూపంలోనే చెప్పేవారు. మనిషి ఒంట్లో మొత్తం మీద దాదాపు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. అందులో 85 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ కాల్షియంతో కలిసి గట్టిపడి ఉంటుంది. మిగిలినదాంట్లో చాలా భాగం కణాల లోపల, డీఎన్‌ఏలోనూ కణాల పైపొరల్లోనూ, కండరం కదలడానికి కావలసిన శక్తిని మోసే ఏటీపీలోనూ ఉంటుంది. కణాల బయట, రక్తంలోనూ ఇతర ద్రవాల్లోనూ తిరిగేది సుమారు ఒక్క శాతమే. మనం చేతిలోంచి రక్తం తీసి చూసుకునేది ఆ ఒక్క శాతాన్నే. అంటే గల్లాపెట్టెలో ఉన్న నగదును లెక్కపెట్టి సంఘం ఆస్తి ఎంతో చెప్పబోవడం లాంటిది. ఈ మాట నాకు తర్వాత చాలాసార్లు పనికొచ్చింది.

ఇక రోజువారీ లెక్క. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీల్లో కలిపి సుమారు 20 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గుత్తీ దానికి తగిలిన సన్నని నాళికా ఉన్న చిన్న భాగాలు ఉంటాయి. అవి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. ఆ ద్రవంతో పాటు దాదాపు 6 గ్రాముల భాస్వరం నాళికల్లోకి దిగుతుంది. అదంతా మూత్రంలో పోతే మనిషి నిలవడు. మామూలు భోజనం చేసేవాళ్ల పేగులు రోజుకు ఇంచుమించు 800 నుంచి 900 మిల్లీగ్రాముల భాస్వరాన్ని నికరంగా పీల్చుకుంటాయి కాబట్టి, అంతే మొత్తం మూత్రంలో బయటికి పోవాలి. మిగిలిన ఐదు గ్రాముల పైచిలుకు తిరిగి రక్తంలోకి చేరాలి. ఆ తిరుగు జమలో ఎక్కువ భాగం నెఫ్రాన్ మొదటి మెలికలో, ఇంటర్మీడియట్ పుస్తకాల్లో సమీపస్థ సంవళిత నాళిక అని చదువుకున్న చోట జరుగుతుంది. అక్కడి కణాలకు నాళిక లోపలి వైపు బ్రష్షు కుచ్చులాంటి అంచు ఉంటుంది. ఆ అంచు మీద ఉండే వాహక ప్రొటీన్లు సోడియంతో జత కలిపి ఫాస్ఫేట్‌ను (రక్తంలో భాస్వరం తిరిగే రూపం ఇదే) లోపలికి లాక్కుంటాయి. ఒంట్లో భాస్వరం ఎక్కువైతే కణం ఈ వాహకాలను అంచు మీది నుంచి తన లోపలికి దింపేసి విరగ్గొడుతుంది. తక్కువైతే మళ్లీ అంచు మీదికి ఎక్కిస్తుంది. ఎంత పోవాలన్నది నిర్ణయమయ్యేది వడపోతలో కాదు, తిరిగి తీసుకోవడంలో. కిడ్నీ అంటే జల్లెడ అని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చిన నాకు ఇది కొత్త సంగతి.

దింపమని చెప్పేది ఎవరు? ఇద్దరు. మెడలో థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోను ఒకటి. ఎముకలోని కణాల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను రెండోది. ఎముక కిడ్నీకి కబురు పంపుతుందని మనకు తెలిసి ఎంతో కాలం కాలేదు. వంశపారంపర్యంగా మూత్రంలో భాస్వరం పోగొట్టుకునే కుటుంబాలను పరీక్షించినవాళ్లు 2000లో ఈ ఎఫ్‌జీఎఫ్-23ని గుర్తించారు. అంతకు మూడేళ్ల ముందే, 1997లో, జపాన్‌లో మకోటో కురో-ఓ బృందం ఒక జన్యువు చెడిన ఎలుకలు వారాల వయసులోనే ముసలివై, రక్తనాళాలు సున్నం పట్టినట్టు గట్టిపడి చనిపోవడం చూసి, ఆ జన్యువుకు ఆయుష్షు దారాన్ని వడికే గ్రీకు దేవత క్లోథో పేరు పెట్టారు. ఎముక పంపిన ఎఫ్‌జీఎఫ్-23ని కిడ్నీ అందుకోవాలంటే ఈ క్లోథో ప్రొటీన్ పక్కన ఉండాలని తర్వాత తేలింది. ఆ ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేది కిడ్నీలోనే.

నేను పొరబడింది ఇక్కడే. 2019లో నా కిడ్నీలు నూటికి 38 వంతుల పనికి దిగిపోయినప్పుడు కూడా ఫాస్ఫరస్ 3.9 ఉండేది. కాగితంలో ఆ వరుసకు ఏ గుర్తూ లేదు కదా, కనీసం ఇదొక్కటి బాగుందని సంతోషించి, తిండి గురించి చెప్పిన జాగ్రత్తలు పెడచెవిన పెట్టాను. అప్పుడు డాక్టరమ్మ అదే కాగితంలో పారాథైరాయిడ్ హార్మోను అంకె చూపించారు: 168. మామూలుగా 65 దాటకూడదు. పనిచేసే నెఫ్రాన్లు తగ్గినకొద్దీ మిగిలిన ఒక్కొక్కటీ ఎక్కువ భాస్వరాన్ని వదిలిపెట్టేలా ఎముకా, ఆ నాలుగు గ్రంథులూ కబురు మీద కబురు పంపుతుంటాయి. ఆ ఒత్తిడి మీదనే రక్తంలోని అంకె నిలబడి ఉంటుంది. ఎఫ్‌జీఎఫ్-23 పెరిగితే కిడ్నీలో విటమిన్-డి చివరి రూపం తయారుకావడం తగ్గుతుంది. దాంతో పేగు నుంచి వచ్చే కాల్షియం తగ్గి, పారాథైరాయిడ్ మరింత పెరుగుతుంది. ఒక లెక్క సరిగా చూపించడానికి ఒళ్లు మరో చోట చెల్లించే మూల్యం ఇది అని 1972లోనే నీల్ బ్రికర్ అనే అమెరికా వైద్యుడు వివరించాడట. పద్దుల పుస్తకంలో నిల్వ సరిపోయినా అది అప్పు తెచ్చి సరిపెట్టిన నిల్వ కావచ్చునని నాకన్నా బాగా ఎవరికి తెలుసు! అయినా నా ఒంటి విషయంలో ఆ సంగతి తట్టలేదు. వడపోత నూటికి 30 వంతుల కిందికి జారాక ఆ సర్దుబాటు కూడా తెగిపోయి, ఫాస్ఫరస్ నిజంగానే పెరగడం మొదలైంది.

డయాలిసిస్ వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. ఉదయం ఆరు గంటల బ్యాచ్ కాబట్టి ఐదింటికే లేచి మెట్రో మొదలుకాకముందే ఆటోలో వెళ్లేదాన్ని. వెళ్లగానే బరువు చూసే టెక్నీషియన్ కుర్రాడు "అక్కా, ఇయ్యాల ఎంత పెరిగినవ్?" అని అడిగేవాడు, ఆ పెరిగింది ఒంట్లో చేరిన నీరు. ధమనినీ సిరనూ కలిపి చేసిన చేతి ఫిస్టులాలో రెండు సూదులు గుచ్చాక, ఎర్రటి గొట్టాల్లో నా రక్తం నిమిషానికి 300 మిల్లీలీటర్ల వేగంతో రక్తాన్ని శుభ్రం చేసే డయలైజర్‌లోకి పోయి తిరిగి వచ్చేది. యూరియా, పొటాషియం ఆ నాలుగు గంటల్లో బాగానే దిగేవి. భాస్వరం సంగతి అలా కాదు. మొదటి గంట, గంటన్నరలో రక్తంలో ఉన్నది చప్పున దిగిపోతుంది. ఆ తర్వాత కణాల లోపల, ఎముకల్లో ఉన్నది రక్తంలోకి నెమ్మదిగా ఊరి వస్తేనే గానీ మెషీనుకు తీసివేయడానికి ఏమీ మిగలదు. మెషీను ఆపాక కొన్ని గంటల్లో అంకె మళ్లీ ఎక్కుతుంది. ఒక్కో విడతలో పోయేది ఇంచుమించు 800 మిల్లీగ్రాములని చెప్పారు.

ఆ రోజు ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. వారానికి మూడు విడతల్లో పోయేది 2,400. పథ్యం పాటించి రోజుకు 900 మిల్లీగ్రాములు తిని, అందులో 60 శాతం పేగు పీల్చుకుందనుకున్నా, వారానికి వచ్చేది 3,780. దాదాపు 1,400 మిల్లీగ్రాములు ప్రతి వారం ఒంట్లో మిగిలిపోవాలి. మిగిలింది ఎక్కడికి పోతుంది? నాకు కొంత దురదగా తెలిసింది. వీపు మీద, పిక్కల మీద, రాత్రి పడుకున్నాక మొదలై తెల్లవారేదాకా వదలని దురద అది. గోళ్లతో గీరి గీరి చర్మం మందమైపోయింది. కంటికి కనపడనిది అంతకన్నా చెడ్డది: పెరిగిన భాస్వరం రక్తనాళాల గోడల్లోని కణాల స్వభావాన్నే మార్చి, ఎముకలో చేరవలసిన కాల్షియాన్ని ధమనుల్లో పేరుకునేలా చేస్తుంది. మా బ్యాచ్‌లో పన్నెండేళ్లుగా డయాలిసిస్‌లో ఉన్న ఒక పెద్దాయన చేతి ఎక్స్‌రేలో ధమని ముగ్గుపొడితో గీసిన గీతలా తెల్లగా కనిపించడం నేను స్వయంగా చూశాను.

ఆ 1,400ని ఆపడానికే భాస్వరాన్ని పట్టే గోలీలు ఇస్తారు. నాకు కాల్షియం ఎసిటేట్, కొన్నాళ్లకు సెవెలమర్ ఇచ్చారు. ఇవి రక్తంలోకి వెళ్లి పనిచేసేవి కావు. కడుపులో అన్నంతో కలిసి, ఆ అన్నంలోని భాస్వరాన్ని పట్టుకుని మలంలో బయటికి తీసుకుపోతాయి. ఒక్కో గోలీ కొన్ని పదుల మిల్లీగ్రాములకు మించి పట్టదు. ఇది తెలియక నేను నాలుగు నెలలు నష్టపోయాను. మందుల దుకాణంలో కవరు మీద భోజనం తర్వాత అని రాసి ఇచ్చారు. నేను ఒంటిగంటకు డబ్బా తిని, మూడు గంటలకు బీపీ మాత్రతో కలిపి వీటినీ వేసుకునేదాన్ని. ఫాస్ఫరస్ 7.8 వచ్చింది అప్పుడే. డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. ఎప్పుడు వేసుకుంటున్నావని మాత్రం అడిగారు. మొదటి ముద్దలతో పాటు వేసుకోవాలనీ, గోలీ ఒక దారిన, అన్నం ఒక దారిన పోతే పట్టుకోవడానికి అక్కడ భాస్వరమే ఉండదనీ అప్పుడు తెలిసింది. మందు రాసేటప్పుడో, ఇచ్చేటప్పుడో ఎవరైనా ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నా ధమనుల్లో ఆ నాలుగు నెలల సున్నం చేరేది కాదు కదా అని ఇప్పటికీ బాధ కలుగుతుంది. కొత్తగా డయాలిసిస్‌కు వచ్చిన ప్రతివాళ్లకూ నేను మొదట చెప్పేది ఇదే. ఆ రోజు నుంచీ గోలీల డబ్బాను అన్నం గిన్నె పక్కన పెట్టుకున్నాను. మరుసటి నెల 6.1, ఆ పై నెల 5.4 వచ్చింది.

తిండి గురించి పెద్దగా రాయను, ఎవరి పథ్యం వారికి వేరు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. భాస్వరం ఎంత ఉందన్నదే కాదు, ఏ రూపంలో ఉందన్నదీ ముఖ్యమే. కందిపప్పులో, నువ్వుల్లో అంకె చూస్తే భయం వేస్తుంది గానీ, గింజల్లోని భాస్వరంలో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో లేనందువల్ల సగానికి సగం ఒంటికి పట్టదు. పాలు, మాంసంలోది అంతకన్నా ఎక్కువగా పడుతుంది. నిల్వ ఉండడానికీ, మెత్తదనానికీ కలిపే ఫాస్ఫేట్ ఉప్పులు మాత్రం నూటికి 90 వంతులు నేరుగా రక్తంలోకి చేరతాయి. నల్లటి కూల్‌డ్రింకుల్లో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. చీజ్ ముక్కల మీద, సాసేజీల మీద, కొన్ని కేకుల మీద, తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే ఐఎన్‌ఎస్ సంఖ్యల్లో 338 నుంచి 341 వరకు, 450 నుంచి 452 వరకు ఉన్న అంకెలు కనబడితే అవి ఫాస్ఫేట్లే. ఆ ప్యాకెట్ల మీద భాస్వరం ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే పట్టిక ఉండదు; ఈ అంకెలే ఆనవాలు. సంక్రాంతికి అమ్మ చేసిన సకినాలు రెండు తిన్నందుకు నేను పడిన దిగులు, ఆఫీసులో సాయంత్రం పూట తాగిన కూల్‌డ్రింకుకు పడి ఉండాల్సిందని అప్పుడు గ్రహించాను.

ఇప్పుడు ఆ 1.7 దగ్గరికి వస్తాను. ఆపరేషన్ అయ్యాక క్రియాటినిన్ దిగుతున్నా నాకు తొడల్లో సత్తువ లేదు. మూడో వారంలో మలక్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు సగం ఎక్కి, రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. ఆపరేషన్ నీరసమనుకున్నాను. డాక్టరమ్మ ఒకే పూట రక్తమూ, మూత్రమూ తీయించి, నా ఎదుటే లెక్క వేశారు. మూత్రంలో భాస్వరం 48, రక్తంలో క్రియాటినిన్ 1.2, రెండింటినీ గుణిస్తే 57.6. రక్తంలో భాస్వరం 1.7, మూత్రంలో క్రియాటినిన్ 82, గుణిస్తే 139.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.41. అంటే కిడ్నీ వడగట్టిన భాస్వరంలో నూటికి 41 పాళ్లు మూత్రంలో పారబోస్తున్నది. రక్తంలో ఇంత తక్కువ ఉన్నప్పుడు ఆరోగ్యవంతుల కిడ్నీ ఐదు పాళ్లు కూడా వదలదు. తిండి తక్కువై కాదు, మూత్రంలో పోతున్నందువల్లనే నాకు భాస్వరం చాలడం లేదని ఆ ఒక్క భాగహారం తేల్చేసింది. (మనుషులు భాస్వరాన్ని మొట్టమొదట వేరుచేసింది మూత్రం నుంచే, 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ బంగారం కోసం మూత్రాన్ని మరగబెడుతూ, చీకట్లో వెలిగే ఈ పదార్థాన్ని కనుగొన్నాడు. మూత్రం సీసా చేత్తో పట్టుకుని ల్యాబు ముందు వరుసలో నిలబడ్డప్పుడు ఆ సంగతి గుర్తొచ్చింది.)

అమ్మ కిడ్నీలో లోపం ఉందేమోనని నాకు భయం పట్టుకుంది. నిజానికి జరిగింది దానికి తలకిందులు. ఏళ్ల తరబడి చెడిన కిడ్నీలకు గట్టిగా కబురు పంపడం అలవాటైన నా ఎముకలు, నా మెడలోని గ్రంథులు, మంచి కిడ్నీ వచ్చిందని ఒక్కరోజులో తెలుసుకోలేవు. పాత మోతాదులోనే ఎఫ్‌జీఎఫ్-23, పారాథైరాయిడ్ రక్తంలో తిరుగుతున్నాయి. ఇంతకాలం ఆ కబురు వినే నెఫ్రాన్లే లేవు. ఇప్పుడు అమ్మ కిడ్నీలో లక్షల కొద్దీ ఉన్నాయి, క్లోథో కూడా నిండుగా ఉంది. చెప్పిన మాటను తు.చ. తప్పకుండా పాటించి, అది వాహకాలను దింపేసి భాస్వరాన్ని వదిలేస్తున్నది. మార్పిడి తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ కూడా ఆ తిరుగు జమను కొంత తగ్గిస్తుంది. నా పారాథైరాయిడ్ అప్పటికి 340 ఉంది.

మందుగా ఫాస్ఫేట్ పొడి కొద్ది మోతాదులో మూడు వారాలు మాత్రమే ఇచ్చారు. అంకె నింపాలని ఎక్కువగా ఇస్తే అది కాల్షియాన్ని పట్టుకుని పారాథైరాయిడ్‌ను మళ్లీ రెచ్చగొడుతుంది, కొత్త కిడ్నీలోనే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకునే ముప్పు కూడా ఉంటుంది. అందుకని మిగిలింది తిండితో నింపుకోమన్నారు. అది చెప్పినంత తేలిక కాలేదు. ఏడాదిన్నర విషంలా చూసిన పాలను అమ్మ గ్లాసులో పోసి తెచ్చి ఎదురుగా కూర్చుంటే, నా చెయ్యి ముందుకు రాలేదు. "తాగితే ఏమైతది బిడ్డా, డాక్టరమ్మనే చెప్పింది గదా" అంటూ మొదటి గుక్క తానే తాగి చూపించింది. గుడ్డులో తెల్లసొన మాత్రమే తిని పచ్చసొన పక్కన పెట్టే అలవాటు పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మూడో నెలలో ఫాస్ఫరస్ 2.3, ఆరో నెలలో 2.6. ఎఫ్‌జీఎఫ్-23 మార్పిడి తర్వాత మొదటి నెలల్లోనే చాలావరకు తగ్గుతుందనీ, పెరిగి పెద్దవైన పారాథైరాయిడ్ గ్రంథులు కుదుటపడడానికే ఎక్కువ కాలం పడుతుందనీ చెప్పారు. కొందరికి అవి తగ్గనే తగ్గక ఆపరేషన్ చేయవలసి వస్తుంది. నా అదృష్టం కొద్దీ నాకు దిగింది. పద్నాలుగో నెలలో పారాథైరాయిడ్ 92, ఫాస్ఫరస్ 3.1. డాక్టరమ్మ మళ్లీ అదే భాగహారం వేస్తే 0.19 వచ్చింది.

అదే రోజు అమ్మకు కూడా ఏటా చేసే పరీక్షలు చేయించాం. ఒక్క కిడ్నీతో ఉన్న మనిషికి భాస్వరం పెరుగుతుందేమోనని నేను అడిగాను. మిగిలిన కిడ్నీ కొంత పెద్దదై పని పెంచుకుంటుందనీ, ఆమె ఎముకలు ఎఫ్‌జీఎఫ్-23ని కాస్త ఎక్కువ పంపి ఒక్కో నెఫ్రాన్ చేత కొంచెం ఎక్కువ వదిలిస్తాయనీ, అందువల్ల రక్తంలో అంకె మారదనీ చెప్పారు. అమ్మ క్రియాటినిన్ 1.0, ఫాస్ఫరస్ 3.2. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే, కళ్లజోడు సవరించుకుని అమ్మ కూడా వేలుతో ఆ వరుస వెతికి పట్టుకుంది. "నీకే జర తక్కువున్నది బిడ్డా, రాత్రికి ఇంకో గిలాస పాలు తాగు" అంది.